స్వీనీ టాడ్ ప్రదర్శనలు

స్వీనీ టాడ్ అమెరికా రంగస్థలానికి చెందిన ఒక ప్రసిద్ధ సంగీత నాటకం. దీని పూర్తి పేరు "స్వీనీ టాడ్: ది డీమన్ బార్బర్ ఆఫ్ ఫ్లీట్ స్ట్రీట్". సంగీతాన్ని, పాటలను స్టీఫెన్ సోండ్‌హైమ్ (1930-2021) సమకూర్చగా, నాటక రచన హ్యూ వీలర్ (1912-1987) చేశాడు. 1979 మార్చి 1న న్యూయార్క్ నగరంలోని బ్రాడ్వేలో ఇది ప్రారంభమైంది. అప్పటి నుండి ఈ నాటకాన్ని పెద్ద రంగశాలల్లోనూ, ఒపేరా భవనాల్లోనూ, చివరకు ఒక చిన్న తినుబండారాల దుకాణంలోనూ ప్రదర్శించారు. వీటిలో ఏది ఉత్తమమైనదన్న విషయంపై విమర్శకులలోను, నాటకాభిమానులలోను భేదాభిప్రాయాలు ఉన్నాయి. ఈ చర్చ కేవలం నటీనటుల సామర్థ్యానికి సంబంధించినది కాదు. ఈ కథలోని భయానకత్వానికి మూలం సమాజంలో ఉన్నదా, ఒక మనిషి మనస్సులో ఉన్నదా అన్న ప్రశ్న ఈ చర్చకు ఆధారంగా ఉంది.

కథా నేపథ్యం

స్వీనీ టాడ్ పాత్ర 1846-47లో లండన్‌లో ధారావాహికగా వెలువడిన "ది స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్" అనే చవక కథ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. ఆ కాలపు కథలలో, నాటకాలలో టాడ్ ధనాశతో హత్యలు చేసే క్షురకుడు మాత్రమే. బ్రిటిష్ నాటక రచయిత క్రిస్టఫర్ బాండ్ తన నాటకంలో ఈ పాత్రకు ప్రతీకారమనే కారణాన్ని కల్పించాడు. 1973లో లండన్‌లో ఆ నాటకాన్ని చూసిన సోండ్‌హైమ్ దానిని సంగీత నాటకంగా మలచాలని సంకల్పించాడు.

సంగీత నాటకంలోని కథ 19వ శతాబ్దపు లండన్‌లో జరుగుతుంది. బెంజమిన్ బార్కర్ అనే క్షురకుని భార్యపై కన్నేసిన న్యాయాధికారి టర్పిన్, బార్కర్‌పై తప్పుడు నేరం మోపి ద్వీపాంతరవాస శిక్ష విధిస్తాడు. 15 సంవత్సరాల తరువాత బార్కర్ స్వీనీ టాడ్ అనే మారుపేరుతో తిరిగి వస్తాడు. మాంసపు పైలు అమ్ముకొనే మిసెస్ లవెట్ అతనికి ఆశ్రయమిస్తుంది. భార్య విషం తాగిందని, కుమార్తె జొహానా టర్పిన్ సంరక్షణలో పెరుగుతున్నదని అతడు తెలుసుకుంటాడు. టర్పిన్‌ను చంపే అవకాశం చేజారడంతో అతని పగ మానవజాతి మొత్తం మీదకు మళ్ళుతుంది. క్షవరానికి వచ్చినవారిని అతడు చంపుతుంటే, లవెట్ ఆ శవాల మాంసాన్ని పైలలో కూరి అమ్ముతుంది. చివరకు టాడ్ చంపిన ఒక బిచ్చగత్తె అతని భార్యేనని తేలుతుంది.

బాండ్ చేసిన మార్పు వలన టాడ్ ఒకేసారి బాధితుడు, హంతకుడు అయ్యాడు. అతనికి జరిగిన అన్యాయానికి ఎంత ప్రాధాన్యమివ్వాలి, అతని ఉన్మాదానికి ఎంత ప్రాధాన్యమివ్వాలి అన్నది దర్శకుడు నిర్ణయించుకోవలసి వచ్చింది. తరువాతి ప్రదర్శనల మధ్య భేదాలన్నీ ఇక్కడి నుండే మొదలవుతాయి.

1979 నాటి తొలి ప్రదర్శన

తొలి ప్రదర్శనకు హెరాల్డ్ ప్రిన్స్ (1928-2019) దర్శకత్వం వహించాడు. టాడ్‌గా లెన్ కేరియు, లవెట్‌గా ఏంజెలా లాన్స్‌బరీ నటించారు. ప్రేక్షకులను దగ్గర నుండి భయపెట్టే చిన్న నాటకాన్ని సోండ్‌హైమ్ మొదట ఊహించుకున్నాడు. ప్రిన్స్ దృష్టి మాత్రం పారిశ్రామిక విప్లవం మీద, అది మనుషులను యంత్రాలలో భాగాలుగా మార్చిన తీరు మీద నిలిచింది. రంగాలంకరణ చేసిన యూజీన్ లీ, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాత ఇనుప పోతకర్మాగారం నుండి సేకరించిన భాగాలతో విశాలమైన యూరిస్ థియేటర్ వేదికపై ఒక కర్మాగారాన్ని నిలిపాడు. ఈ రంగశాలకు తరువాత గెర్ష్విన్ థియేటర్ అనే పేరు వచ్చింది. ప్రదర్శనకు ముందు కనిపించే తెరపై జార్జ్ క్రూక్‌షాంక్ చిత్రించిన "బ్రిటిష్ బీ హైవ్" ఉండేది. బ్రిటిష్ సమాజంలోని వర్గాలను తేనెపట్టు గదులలో ఒకదానిపై ఒకటిగా చూపే చిత్రమిది. కీలక ఘట్టాలలో చెవులు చిల్లులు పడేలా కర్మాగారపు ఈల మోగేది.

ఈ ప్రదర్శనను ఉత్తమమైనదిగా భావించేవారు రెండు కారణాలు చెబుతారు. మొదటిది, మనిషిని మనిషి తినడమనే కథాంశం ఇందులో ఒక సామాజిక వ్యాఖ్యగా అర్థవంతమవుతుంది. బలవంతుడు బలహీనుణ్ణి తినే సమాజంలో టాడ్, లవెట్ చేసేది ఆ నియమాన్ని అక్షరాలా పాటించడమే. రెండవది, జోనాథన్ ట్యూనిక్ పెద్ద వాద్యబృందం కోసం చేసిన కూర్పు, నాటకం పొడవునా తిరిగి తిరిగి వచ్చే బృందగానం ఈ విస్తృతిని కోరుకుంటాయి. ఈ ప్రదర్శనకు ఉత్తమ సంగీత నాటకం పురస్కారంతో సహా 8 టోనీ పురస్కారాలు లభించాయి. 557 ప్రదర్శనల అనంతరం 1980 జూన్‌లో ఇది ముగిసింది.

దీనిని విమర్శించేవారు ఆ భారీతనాన్నే లోపంగా చూపుతారు. అంత పెద్ద ఇనుప కట్టడం మధ్య టాడ్ ముఖకవళికలు ప్రేక్షకునికి చేరవని, సామాజిక సందేశం వేదిక అలంకరణలో ఉన్నంతగా నాటక పాఠంలో లేదని వారి వాదన. పాఠాన్ని పరిశీలిస్తే రెండు పక్షాలకూ ఆధారాలు దొరుకుతాయి. టాడ్, లవెట్ కలసి పాడే హాస్యగీతం "ఎ లిటిల్ ప్రీస్ట్" వృత్తులను, వర్గాలను వరుసగా ఎగతాళి చేస్తుంది. దానికి సరిగ్గా ముందు వచ్చే "ఎపిఫనీ" మాత్రం ఒక వ్యక్తి మనస్సు చెదిరిపోయే క్షణాన్ని చూపుతుంది. ఒకదాని వెంట ఒకటి వచ్చే ఈ రెండు పాటలలో దేనికి దర్శకుడు ఎక్కువ బరువునిస్తే ప్రదర్శన ఆ వైపుకు మొగ్గుతుంది.

చిన్న ప్రదర్శనలు

1989లో సూసన్ షుల్మన్ దర్శకత్వంలో బ్రాడ్వేలోని సర్కిల్ ఇన్ ది స్క్వేర్ థియేటర్లో జరిగిన పునఃప్రదర్శన, ఈ నాటకం చిన్న స్థలంలో కూడా నిలబడగలదని నిరూపించింది. పరిమాణం చిన్నది కావడం వలన దీనిని "టీనీ టాడ్" అని ముద్దుగా పిలిచారు. 1993లో లండన్ నేషనల్ థియేటర్‌కు చెందిన చిన్న రంగశాల కాటెస్లోలో డెక్లన్ డొనెలన్ దర్శకత్వంలో అలన్ ఆర్మ్‌స్ట్రాంగ్, జూలియా మెకెంజీ నటించిన ప్రదర్శన కూడా ఇదే మార్గంలో నడిచి ఒలివియే పురస్కారాలను అందుకుంది.

ఈ మార్గాన్ని దాదాపు చివరి అంచు వరకు తీసుకొని వెళ్ళినవాడు జాన్ డోయల్. ఇంగ్లండులోని న్యూబరీ సమీపాన గల వాటర్‌మిల్ థియేటర్లో 2004లో మొదలైన ఇతని ప్రదర్శన, లండన్ మీదుగా 2005 నవంబరులో బ్రాడ్వే చేరింది. ఇందులో వేరే వాద్యబృందం లేదు. పదిమంది నటులే పాడుతూ, నటిస్తూ వాద్యాలు కూడా వాయించారు. టాడ్‌గా మైకేల్ సెర్వెరిస్ గిటారును, లవెట్‌గా పాటీ లుపోన్ ట్యూబా అనే పెద్ద ఊదుడు వాద్యాన్ని వాయించారు. ప్రేమికులైన జొహానా, ఆంథొనీ ఇద్దరి చేతా చెల్లో వాయింపజేసి, వారి అనుబంధాన్ని దర్శకుడు వాద్యం ద్వారానే సూచించాడు. కథ మొత్తం పిచ్చాసుపత్రిలో ఉన్న టొబయస్ అనే యువకుని జ్ఞాపకంగా నడిచింది. గొంతు కోసే దృశ్యాలకు బదులు ఎర్రని వెలుగు, తీవ్రమైన ఈల, ఒక బకెట్ నుండి మరొక బకెట్లోకి పోసే రక్తం కనిపించేవి. డోయల్‌కు ఉత్తమ దర్శకుడిగాను, సారా ట్రావిస్‌కు వాద్య కూర్పుకు గాను టోనీ పురస్కారాలు లభించాయి.

డోయల్ ప్రదర్శనను మెచ్చుకొనేవారు దాని తీవ్రతను ప్రధానంగా పేర్కొంటారు. హత్యను చూపకుండా సూచించడం వలన భయం తగ్గక, మరింత పెరిగిందని వారి అభిప్రాయం. వ్యతిరేకించేవారి ఆక్షేపణలు మూడు. కథ ముందుగా తెలియని ప్రేక్షకునికి ఎవరు ఎవరో, ఎవరు మరణించారో గ్రహించడం కష్టం. ట్యూనిక్ కూర్పులోని ధ్వని సంపద లోపిస్తుంది. నటులే వాద్యకారులైతే వృత్తి వాద్యకారుల ఉపాధికి నష్టం కలుగుతుంది. ఈ మూడవ ఆక్షేపణ కళకు మాత్రమే పరిమితమైనది కాదు. చిన్న రంగశాలలకు వాద్యబృందాన్ని పోషించే స్తోమత తక్కువ కాబట్టి ఈ పద్ధతి అవసరం నుండి పుట్టిన సృజన అని ఒకరు, ఖర్చు తగ్గించుకొనే మార్గమని మరొకరు అంటారు.

2014లో టూటింగ్ ఆర్ట్స్ క్లబ్ వారు దక్షిణ లండన్‌లోని హారింగ్టన్స్ అనే నిజమైన పైల దుకాణంలో బిల్ బకర్స్ట్ దర్శకత్వాన ఈ నాటకాన్ని ప్రదర్శించారు. ప్రేక్షకులు దుకాణంలోని బల్లల వద్ద కూర్చోగా నటులు వారి మధ్యనే తిరిగేవారు. దీనిని మరుసటి సంవత్సరం లండన్‌లోని షాఫ్ట్స్‌బరీ అవెన్యూకు, 2017లో న్యూయార్క్‌లోని బారో స్ట్రీట్ థియేటర్‌కు తరలించినపుడు దుకాణాన్ని పోలిన అలంకరణనే నిర్మించారు. న్యూయార్క్‌లో కోరినవారికి నాటకానికి ముందు పైలు వడ్డించారు. సోండ్‌హైమ్ మొదట ఊహించిన దగ్గరితనం ఇక్కడ పూర్తిగా నెరవేరింది. అయితే నగరమంతటినీ ముద్దాయిగా నిలబెట్టే ప్రిన్స్ దృష్టికి ఇందులో చోటు లేకపోయింది.

సంగీత నాటకమా, ఒపేరానా

ఈ నాటకంలో అధిక భాగం సంగీతంతోనే నడుస్తుంది. 1984లో హ్యూస్టన్ గ్రాండ్ ఒపేరా, న్యూయార్క్ సిటీ ఒపేరా దీనిని తమ ప్రదర్శనలలో చేర్చుకున్నాయి. గాయకుల గాత్రబలం వలన బృందగానాలు నిండుగా వినిపించడం ఒపేరా ప్రదర్శనల గుణం. పాటలలోని పదాలు స్పష్టంగా వినబడకపోవడం, హాస్యం మందగించడం వాటిపై తరచుగా వచ్చే విమర్శ. సోండ్‌హైమ్ పాటలలో కథ పదాల ద్వారానే ముందుకు సాగుతుంది కనుక ఈ లోపం చిన్నది కాదు.

లవెట్ పాత్ర

ఉత్తమ ప్రదర్శనను నిర్ణయించేవారు టాడ్ కంటే లవెట్ పాత్రనే ఎక్కువగా పోల్చి చూడటం గమనించదగినది. లాన్స్‌బరీ ఈ పాత్రను ఇంగ్లండు మ్యూజిక్ హాల్ సంప్రదాయపు హాస్యంతో పోషించింది. ఆ నవ్వుల వలన ఆమె చేసే ఘోరానికి ప్రేక్షకుడు తెలియకుండానే తోడుదొంగ అవుతాడు. లుపోన్ లవెట్‌ను కఠినమైన, చలనం లేని స్త్రీగా చూపింది. జోనాథన్ కెంట్ దర్శకత్వంలో 2011లో చిచెస్టర్‌లోను, 2012లో లండన్ అడెల్ఫీ థియేటర్‌లోను జరిగిన ప్రదర్శన కథను 1930ల నాటికి మార్చింది. అందులో ఇమెల్డా స్టాంటన్ పేదరికం, ప్రేమ కోసం ఆరాటం కలిసిన లవెట్‌గా నటించింది. ఆమెకు, టాడ్‌గా నటించిన మైకేల్ బాల్‌కు 2013లో ఒలివియే పురస్కారాలు వచ్చాయి. 2023లో అన్నలీ ఆష్‌ఫర్డ్ ఈ పాత్రలోని హాస్యాన్ని మరింత పెంచింది.

పోల్చడంలోని ఇబ్బందులు

రంగస్థల ప్రదర్శన ముగిసిన తరువాత మిగలదు. 1979 ప్రదర్శనను గొప్పదని చెప్పే నేటి విద్యార్థులలో చాలామందికి తెలిసినది 1982లో చిత్రీకరించబడిన దృశ్యరూపమే. అది లాస్ ఏంజెలెస్‌లో పర్యటన బృందంతో తీసినది. అందులో లాన్స్‌బరీ ఉన్నప్పటికీ, టాడ్‌గా కేరియు బదులు జార్జ్ హర్న్ కనిపిస్తాడు. కేరియు నటనకు ప్రధాన ఆధారం శబ్ద రికార్డు మాత్రమే.

"అసలు ప్రదర్శన" అన్న మాట కూడా పూర్తిగా స్థిరమైనది కాదు. టర్పిన్ తనను తాను కొరడాతో కొట్టుకుంటూ పాడే "జొహానా" అనే పాటను 1979లో అధికారిక ప్రారంభానికి ముందే తొలగించారు. అయితే దానిని రికార్డులో చేర్చారు. తరువాతి పలు ప్రదర్శనలు దానిని తిరిగి చేర్చుకున్నాయి. కనుక తొలి ప్రదర్శనకు విధేయంగా ఉండటం, రచయితల పాఠానికి విధేయంగా ఉండటం ఒకటే కాదు.

2007లో టిమ్ బర్టన్ తీసిన చలనచిత్రం వలన ఈ కథ ఎక్కువమందికి చేరింది. అందులో బృందగానాలను దాదాపుగా తొలగించి, కథను టాడ్ ముఖానికి దగ్గరగా చిత్రీకరించారు. చిన్న ప్రదర్శనల వాదానికి ఇది ఒక ఉదాహరణ. కోరస్ లేకపోతే సమాజం కథ నుండి తప్పుకుంటుందన్న ఎదుటివారి వాదానికి కూడా ఇదే ఉదాహరణ.

2023 పునఃప్రదర్శన

2023 మార్చి 26న బ్రాడ్వేలోని లంట్-ఫాంటాన్ థియేటర్లో థామస్ కేల్ దర్శకత్వంలో ప్రారంభమైన పునఃప్రదర్శనలో జాష్ గ్రోబన్ టాడ్‌గా నటించాడు. 26 మంది వాద్యకారులతో ట్యూనిక్ తొలి కూర్పును తిరిగి వినిపించడం దీని ప్రత్యేకత. వాద్యధ్వనిని, గ్రోబన్ గాత్రాన్ని చాలామంది ప్రశంసించారు. అతని టాడ్‌లో భీకరత చాలలేదని కొందరు విమర్శించారు. ఈ ప్రదర్శన 2024 మే 5న ముగిసింది. సంగీతం పూర్తి పరిమాణంలో వినిపించినంత మాత్రాన భయం దానంతట అదే పుట్టదని ఈ విమర్శ సూచిస్తుంది.

అభిప్రాయాల సారాంశం

* సమాజమే నేరస్థురాలని చూపడంలో ప్రిన్స్ 1979 ప్రదర్శనను ముందు చెబుతారు.
* ఒక మనస్సు లోపలి చీకటిని చూపడంలో డోయల్ 2005 ప్రదర్శనను ఎంచుకుంటారు.
* ప్రేక్షకునికి, నేరానికి మధ్య దూరాన్ని చెరిపివేయడంలో టూటింగ్ ప్రదర్శన పేరు వినిపిస్తుంది.
* హాస్యం, విషాదం సమతూకంలో నిలిపినదిగా 2012 లండన్ ప్రదర్శనను పేర్కొంటారు.
* వాద్య సంగీతపు నిండుదనానికి 1979, 2023 ప్రదర్శనలను ఆదర్శంగా చెబుతారు.

నాటకం చివరలో చనిపోయినవారితో సహా పాత్రలన్నీ తిరిగి వచ్చి, ఆరంభంలోని బృందగానాన్ని ప్రేక్షకులవైపు చూస్తూ పాడతాయి. టాడ్ వంటివారు అంతటా ఉన్నారన్నది ఆ పాట భావం. పెద్ద రంగశాలలో ఆ మాట నగరం మీద చేసిన ఆరోపణగా, పైల దుకాణంలో పక్కన కూర్చున్న మనిషి మీద కలిగే అనుమానంగా వినిపిస్తుంది.