రక్తనాళంలో తిరిగే మర

కాలవ పల్లాన ఉండి పొలం మెరకన ఉంటే నీళ్ళు ఎలా ఎక్కించాలి? మన పల్లెల్లో పూర్వం ఏతాలతోనూ, గూడలతోనూ తోడేవారు. మీ తాతయ్యలను అడిగితే చెబుతారు. ఈజిప్టు రైతులకు మరొక సాధనం ఉండేది. అది పొడుగాటి గొట్టం. దాని లోపల ఒక పలక, మరమేకు చుట్టూ ఉండే చాలులాగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెలికలు తిరిగి ఉంటుంది. గొట్టాన్ని ఏటవాలుగా పెట్టి, కింది కొసను నీళ్ళలో ముంచి, పై కొసన ఉన్న పిడి తిప్పితే నీరు ఆ మెలికల వెంట పైకి వచ్చి పొలంలో పడుతుంది. దీనికి ఆర్కిమెడిస్ మర అని పేరు.

1976 ప్రాంతంలో రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికన్ డాక్టరు ఈజిప్టులో ఒక పల్లెకు వెళ్ళి, రైతులు ఈ మరతో నీళ్ళు తోడటం చూశాడు. అది చూసి ఆయనకు వచ్చిన ఆలోచన పొలాలను గురించి కాదు, గుండెను గురించి!

మన గుండె ఊరికే కూచున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. ఒక రోజుకు ఎంతవుతుందో లెక్క వేసి చూడండి, 7,000 లీటర్లు దాటుతుంది. గుండెపోటు వచ్చి కండరం బాగా దెబ్బ తిన్నదనుకోండి, గుండె ఈ పని చెయ్యలేదు. రక్తం చాలక మూత్రపిండాలూ, మెదడూ దెబ్బ తింటాయి. మనిషి కొద్ది గంటల్లోనే ప్రాణాపాయ స్థితికి రావచ్చు. కొన్నాళ్ళు విశ్రాంతి దొరికితే కొందరి గుండె తిరిగి కోలుకుంటుంది. కాని గుండెకు సెలవు ఇచ్చేదెట్లా? అలిసిన ఎద్దు బండి లాగలేకపోతే మనం వెనక నుంచి ఒక చెయ్యి వేస్తాం. అలాగే గుండె బరువును మరొక పంపు పంచుకోవాలి.

అయితే, ఆ స్థితిలో ఉన్న రోగి రొమ్ము కోసి పంపు అమర్చటం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. అంచేత వాంప్లర్, పంపును రక్తనాళంలోంచే గుండెకు పంపుదామనుకున్నాడు. తొడ మొదట్లో ఒక పెద్ద ధమని ఉన్నది. అందులోంచి పైకి పోతే దారి నేరుగా గుండెకే పోతుంది. ఆ దారిన పోవాలంటే పంపు పెన్సిలు కన్నా లావు ఉండకూడదు. అంత చిన్న పంపు లీటర్ల కొద్దీ రక్తాన్ని తోడాలంటే అది మహావేగంగా తిరగాలి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. మీ వంటింట్లో మిక్సీ నిమిషానికి ఏ 18,000 చుట్లో తిరిగి కొబ్బరిని పచ్చడి చేస్తుంది గదా, అంతకన్నా వేగంగా తిరిగే పంపు రక్తాన్ని పచ్చడి చెయ్యదా? ఆ రోజుల్లో చాలామంది నిపుణులకు కూడా ఇదే సందేహం కలిగింది. అది పిల్లల సందేహమని తీసిపారెయ్యటానికి వీల్లేదు.

ఎందుకంటే రక్తం నీళ్ళలాటిది కాదు. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో సుమారు 50 లక్షల ఎర్రకణాలుంటాయి. ఒక్కొక్కటీ హెమోగ్లోబిన్ నింపిన మెత్తని సంచి. ఆ సంచిలో ఉన్నంత సేపూ హెమోగ్లోబిన్ మనకు ప్రాణవాయువు మోసే నౌకరు. సంచి చిరిగి బయట పడిందా, అదే మూత్రపిండాలకు శత్రువు అవుతుంది. మూత్రం ఎర్రగా, ముదురు రంగుగా మారుతుంది. సరే, కణాలు చిరగకుండా పంపును మెల్లిగా తిప్పుదామా అంటే, అప్పుడు చాలినంత రక్తం అందదు. పైగా పంపులో ఏ మూలనైనా రక్తం కదలకుండా నిలిచిందంటే, కదపని పాల మీద మీగడ కట్టినట్టు, గడ్డ కడుతుంది. ఆ గడ్డ కొట్టుకుపోయి మెదడులో అడ్డుపడితే పక్షవాతమే. వేగమైతే ఒక ముప్పు, నిదానమైతే మరొక ముప్పు!

దీనికి జవాబు కాలంలో ఉన్నది. మన ఊళ్ళల్లో నిప్పులగుండం తొక్కేవాళ్ళ పాదం నిప్పు మీద నిలవదు, అందుకే అంతగా కాలదు. (మీరు మటుకు ఈ ప్రయోగం చెయ్యకండి!) ఎర్రకణానికి హాని కలగటం అనేది ఒరిపిడి ఎంత గట్టిగా ఉన్నదన్న దాని మీదే కాక, ఆ ఒరిపిడిలో కణం ఎంతసేపు ఉన్నదన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. మిక్సీలో కొబ్బరి మూత కింద చిక్కుపడి, మళ్ళీ మళ్ళీ రెక్కలకు తగులుతుంది. పంపులో రక్తం ఒక్కసారి వచ్చి పోతుంది, అంతే.

లెక్క వేద్దాం. 4 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టంలో నిమిషానికి రెండున్నర లీటర్లు పోవాలంటే రక్తం సెకనుకు 3 మీటర్ల పైచిలుకు వేగంతో పరిగెత్తాలి. ఒక సెంటీమీటరు దూరం దాటటానికి సెకనులో వెయ్యో వంతులు మూడు చాలు. రెప్ప వాల్చేలోగా ఎన్నో కణాలు క్షేమంగా అవతలికి చేరతాయి.

వాంప్లర్ చేసిన పంపు పేరు హెమోపంప్. దాని లావు 7 మిల్లీమీటర్లు. నిమిషానికి సుమారు 25,000 చుట్లు తిరిగి మూడున్నర లీటర్ల దాకా తోడేది. 1988 ఏప్రిల్‌లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో డాక్టర్ ఫ్రేజియర్ మొదటిసారిగా దీన్ని ఒక మనిషికి అమర్చాడు. ఆ రోగి గుండె కోలుకున్నది. రక్తం పచ్చడి కాలేదు!

కాని హెమోపంప్‌కు ఒక లోపం ఉన్నది. మోటారు శరీరం బయట ఉండేది. అక్కడి నుంచి పంపు దాకా సన్నని తీగె ఒకటి నాళంలో మెలి తిరుగుతూ అంత వేగంతోనూ తిరగాలి. కొందరు రోగుల్లో ఆ తీగె తెగిపోయింది. ఆలోచన గొప్పదే అయినా, ఆ పంపు వాడుకలో నిలవలేదు.

తరువాత జర్మనీలోని ఆఖెన్ నగరంలో థోర్స్టెన్ సీస్ మొదలైన ఇంజనీర్లు తీగెను తీసేసి, మోటారునే చిన్నది చేసి పంపుతోపాటు నాళంలోకి పంపారు. దాని పేరు ఇంపెల్లా. ఇప్పుడు లోపలికి పోయేది కరెంటు మాత్రమే. మరి మోటారులోకి రక్తం దూరితే గడ్డ కట్టి అది ఆగిపోదా? అందుకు వారు చేసిన ఉపాయం నాకు చాలా ముచ్చట వేస్తుంది. సన్నని గొట్టంగుండా గ్లూకోజు నీటిని మోటారులోకి ఒత్తిడితో పంపుతారు. ఆ నీరు మోటారు ఇరుసు పక్కనుంచి కొద్ది కొద్దిగా బయటికి వస్తూ ఉంటుంది. బయటికి వచ్చే నీటికి ఎదురుగా రక్తం లోపలికి పోలేదు. గుమ్మంలో కాపలావాడిని నిలబెట్టినట్టే!

ఇంకో ఉపాయం పంపు ముక్కున ఉన్నది. అది గుండె గోడకు గుచ్చుకోకుండా ఒక మెత్తని గొట్టాన్ని చుట్ట చుట్టి తగిలించారు. డాక్టర్లు దాన్ని పందితోక అనే అంటారు, చూడటానికి అలాగే ఉంటుంది గనక.

2008లో అమెరికాలో వాడటానికి అనుమతి వచ్చిన ఇంపెల్లా 4 మిల్లీమీటర్ల లావు. అది గరిష్ఠంగా నిమిషానికి 51,000 చుట్లు తిరుగుతుంది.

దీంతో అన్ని చిక్కులూ తీరాయనుకోకండి. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్ దేశాల డాక్టర్లు, పెద్ద గుండెపోటు మూలంగా రక్తపు పోటు పడిపోయిన 355 మందిని పరిశీలించి 2024లో ఫలితాలు ప్రకటించారు. మామూలు చికిత్స మాత్రమే పొందిన వారిలో నూటికి 58 మందికి పైగా ఆరు నెలల లోపల చనిపోయారు. ఇంపెల్లా కూడా పెట్టిన వారిలో నూటికి సుమారు 46 మంది చనిపోయారు. అంటే కొన్ని ప్రాణాలు దక్కాయి. కాని పంపు పెట్టిన వారిలో రక్తస్రావాలు ఎక్కువగా కనిపించాయి, కాలికి రక్తం అందకపోవటం కూడా ఎక్కువే. తొడ దగ్గర నాళంలో లావుపాటి గొట్టం దిగితే కాలికి పోయే దారి ఇరుకైపోతుంది మరి.

పంపు సన్నగా ఉంటే కాలికి మంచిది, లావుగా ఉంటే మెల్లిగా తిరగవచ్చు గనక రక్తానికి మంచిది. ఈ రెంటినీ కలపటానికి ఇంజనీర్లు మూసిన గొడుగులాటి పంపులు చేసి పరీక్షించారు. అవి తొడ దగ్గర ముడుచుకుని లోపలికి పోయి, గుండె చేరాక విచ్చుకుంటాయి. పని అయ్యాక మళ్ళీ ముడిచి, వచ్చిన దారినే బయటికి లాగాలి.