అద్దె యంత్రాలలో దొంగలు

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో సాధారణంగా జనవరి మాసంలో నుమాయిష్ ఆరంభమవుతుంది. ఆబిడ్స్ వర్తకు డొకడు అక్కడ ఒక స్టాలు అద్దెకు తీసుకొన్నాడనుకొందాం. ఎవడో అతని ముద్రను దొంగిలించి, అతని పేరనే మైదానపు మారుమూలలో మరి ఇరవై స్టాళ్ళు తీసుకొంటే? లాభం దొంగది, అద్దె వర్తకునిది. బిల్లు వచ్చేవరకు అతనికి సంగతే తెలియదు.

క్లౌడ్ సేవలోనూ ఇదే చిక్కు. ఎక్కడో పెద్ద భవనాలలో ఉన్న కంప్యూటర్లను కావలసినన్ని గంటలకు అద్దెకు తీసుకోవటమే క్లౌడ్. ఖాతాదారునికి ఒక రహస్య సంకేతం, అనగా తాళపుచెవి వంటిది, ఉంటుంది. అది దొంగకు చిక్కితే పెద్ద యంత్రాలను సృష్టించి, వాటిచేత క్రిప్టో నాణెములకోసం లెక్కలు చేయిస్తాడు. చొరబాటుకు గురియైన 50 క్లౌడ్ యంత్రాలను గూగుల్ సంస్థ 2021లో పరిశీలించగా 86 శాతం ఈ పనికే వినియోగపడినట్లు తేలింది. సగానికి పైగా సందర్భాలలో 22 సెకండ్లలోనే దొంగ ప్రోగ్రాము యంత్రంలో చేరింది. మనిషి కాపలా ఇంత వేగాన్ని అందుకోలేదు.

కనుక కాపలా కూడా యంత్రమే కాయాలి. ఎవరు, ఏ వేళ, ఎక్కడినుండి, ఏమి సృష్టించారో క్లౌడ్ సేవ ఒక చిట్టాలో వ్రాసుకొంటుంది. అమెజాన్ సంస్థ ఇట్టి చిట్టాను 2013లో ప్రవేశపెట్టింది. ఖాతాదారుని అలవాటుకు భిన్నమైనది చిట్టాలో కనబడగానే హెచ్చరిక వెళ్ళేటట్లు చేయవచ్చు: అర్ధరాత్రి పుట్టిన యంత్రం, ఎన్నడూ వాడనంత పెద్ద యంత్రం, ఎన్నడూ వాడని ప్రాంతం. 2022 నవంబరులో ఆరంభమైన అమెజాన్ హైదరాబాదు ప్రాంతాన్ని ఖాతాదారుడు తానై తెరిస్తేనే వాడుక సాధ్యం. తాను తెరవనిది తెరచి ఉంటే, అదే మొదటి అనుమానం.

దొంగ యంత్రాలను చూడగానే తుడిచివేయటం తొందరపాటు. తాళపుచెవి దొంగవద్ద ఉన్నంతకాలం ఒకటి తుడిస్తే పది పుట్టిస్తాడు. మొదట దానిని నిలుపు చేయాలి. పిమ్మట, దానితో అతడు కొత్త తాళపుచెవులు కల్పించుకొన్నాడేమో చిట్టాలో చూచి వాటినీ నిలపాలి. సాక్ష్యంగా యంత్రపు డిస్కుకు ప్రతి తీసి, అప్పుడు అన్ని ప్రాంతాలూ వెదకి దొంగ యంత్రాలను తొలగించాలి.

ఇక తాళపుచెవి పోయే దారి తరచు చాలా చిన్నది: దానిని ప్రోగ్రాములోనే వ్రాసి, ఆ ప్రోగ్రామును అందరికీ కనబడేచోట ఉంచటం. విద్యార్థులు మొదటి పాఠంలోనే మానుకోవలసిన అలవాటు ఇది.