ఎక్కితే బండి, దిగితే కాలినడక

గద్వాలలో గాని, వనపర్తిలో గాని, నాగర్‌కర్నూలులో గాని బడి వదిలే వేళకు బజారులో నిలబడి చూడండి. రోడ్డు నిండా లారీలు, బస్సులు, ఆటోలు. చాలా వీధులకు కాలిబాటే ఉండదు; ఉన్నచోట దాని మీద దుకాణాల సామాన్లుంటాయి. సైకిలు మీద వచ్చే కుర్రవాడు లారీ హారను విని, చటుక్కున కాలిబాట ఎక్కుతాడు. అక్కడ కూరల సంచీతో నడిచివస్తున్న అవ్వ బెదిరిపోతుంది. వాడికి లారీ అంటే భయం. అవ్వకు వాడంటే భయం. మరి కాలిబాట ఎవరిది?

ఈ ప్రశ్న చాలా పాతది. కాలిబాట మీద గుర్రాలనూ, బండ్లనూ నడపరాదని 1835లో ఇంగ్లండులో చట్టం చేశారు. తొక్కే సైకిలు అప్పటికి వాడుకలోకి రాలేదు. వచ్చాక చిక్కు పుట్టింది: సైకిలు బండి అవునా, కాదా? అవునని 1888లో మరొక చట్టం తేల్చింది. దానితో సైకిలుకు రోడ్డు మీద చోటు దక్కింది. కాలిబాట మాత్రం తప్పిపోయింది.

అయితే చిన్నపిల్లల మాటేమిటి? జర్మనీలో 10 ఏళ్ళు నిండనివారు కాలిబాట మీద తొక్కవచ్చు. కాని రోడ్డు దాటేటప్పుడు దిగి తీరాలి. జపానులో 13 ఏళ్ళ లోపు పిల్లలకూ, 70 ఏళ్ళు దాటిన వృద్ధులకూ అనుమతి ఉంది. అయినా నడిచేవారికి అడ్డమైతే ఆగవలసినది సైకిలే.

ఇక మన దేశం సంగతి. సైకిలుకు ఇంజను లేదు గనక అది మోటారు వాహనం కాదు, లైసెన్సు అక్కరలేదు. అంతమాత్రాన ఎలా పడితే అలా తొక్కవచ్చునా? వీల్లేదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షను ప్రకారం, ఇతరులకు దెబ్బ తగిలేలా దారిలో అజాగ్రత్తగా బండి నడిపితే 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇక్కడ మోటారు బండి అని ప్రత్యేకించి చెప్పలేదు. అడ్డంకులు లేని కాలిబాట నడిచేవారి హక్కు అని, అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ అవ్వకు కాలిబాట దయతో ఇచ్చినది కాదు, ఆమె హక్కు. దాని మీద సామాన్లు పేర్చే దుకాణదారులకూ ఈ మాట వర్తిస్తుంది.

మరి లారీకి భయపడే కుర్రవాడు ఏం చెయ్యాలి? దానికొక సులువైన ఉపాయం ఉంది: దిగిపోవడం! సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటే మనిషి కాలినడకన పోయేవాడితో సమానమేనని 1980లో ఇంగ్లండులో ఒక కోర్టు తీర్పు చెప్పింది. ఎక్కి తొక్కితే అది బండి. దిగి నడిపిస్తే మీరూ అవ్వలాగే కాలినడకన పోయేవారే.

రేపు బజారులో లారీ వస్తే కాలిబాట మీదికి సైకిలు ఎక్కించకండి. బ్రేకు వేసి, దిగి, అవ్వకు దారి ఇచ్చి, ఆమె వెనకనే నడవండి. లారీ వెళ్ళిపోయాక మళ్ళీ ఎక్కవచ్చు.