మూర్ఛ ఆరంభమున బిడ్డ చెప్పు మాట

మూర్ఛ యనగానే కాలుసేతులు కొట్టుకొనుచు, నోట నురుగు గ్రక్కుచు నేలపై పడిన మనిషియే చాలమందికి స్ఫురించును. కాని పిల్లలలో వచ్చు మూర్ఛలన్నియు ఇట్లుండవు. కొన్నిటిలో పడిపోవుట యుండదు, కొట్టుకొనుట యుండదు. బిడ్డకు లేని వాసన తగులును. లేని రంగులు కనబడును. నాలుక ఒక ప్రక్క తిమ్మిరెక్కును. చూచువారికి ఏమియు తెలియదు. బిడ్డ మాటయే ఆధారము. ఆ మాటను పెద్దలు శ్రద్ధగా వినినచో చికిత్స త్వరగా మొదలగును. కొట్టివేసినచో విలువైన కాలము వృథాయగును.

లేనిది ఉన్నట్లు తోచుటకు కారణమేమి? మెదడులోని నాడీకణములు స్వల్పమైన విద్యుత్ప్రేరణల ద్వారా ఒకదానికొకటి వార్తలు పంపుకొనుచుండును. ఒకచోటనున్న అనేక కణములు ఒక్కసారిగా, అదుపు లేక ప్రేరణలను వెలువరించినచో అదియే మూర్ఛ. చేతిని కదలించు భాగములో ఇది పుట్టినచో చేయి కొట్టుకొనును. చూపునకు సంబంధించిన భాగములో పుట్టినచో, కంటి యెదుట ఏమియు లేకున్నను రంగులు కనబడును. కనుక ఆ బిడ్డ అబద్ధమాడుట లేదు.

మూర్ఛ పుట్టిన చోటునుబట్టి అనుభూతి మారును. చూపు కేంద్రము మెదడు వెనుక భాగమున కలదు. అచట పుట్టిన మూర్ఛలో చిన్న చిన్న రంగుల వలయములు కనబడి, సాధారణముగా కొన్ని సెకండ్లలోనో, ఒకటి రెండు నిమిషములలోనో మాయమగును. తరువాత తలనొప్పి రావచ్చును. అందుచే దీనిని పార్శ్వపు నొప్పి యని పొరబడుట కలదు. పార్శ్వపు నొప్పికి ముందు కనబడు మెరుపుగీతలు చాలవరకు రంగులేనివి; వంకరటింకరగా నుండి, ఐదు నిమిషములకు పైగా మెల్లమెల్లగా వ్యాపించును. కణతల దగ్గరి భాగమున పుట్టిన మూర్ఛలో ఏదో కాలుచున్నట్లు వాసన, కారణము లేని భయము, కడుపులోనుండి ఏదో పైకి ప్రాకినట్లు తోచుట, క్రొత్తచోటును ఇదివరకే చూచినట్లనిపించుట మున్నగునవి కలుగును.

బాల్యమున తరచుగా కనబడునది రోలాండిక్ మూర్ఛ. ఇది ఎక్కువగా నిద్రలో వచ్చును. పెదవి, నాలుక, చిగురు, బుగ్గ ఒక ప్రక్కనే జివ్వుమనును, చొల్లు కారును, తెలివి యున్నను మాట రాదు. యుక్తవయస్సు నాటికి ఇది దానంతట అదే మానిపోవును.

దక్షిణభారతమున హెచ్చుగా కనబడు మరియొక రకము వేడినీటి మూర్ఛ. 1945లో న్యూజిలాండులో మొదట వర్ణింపబడిన ఈ వ్యాధిని గూర్చి బెంగుళూరు వైద్యులు విస్తృతముగా పరిశోధించిరి. పి. సతీశ్‌చంద్ర, ఆయన సహచరులు 1988లో 279 మంది రోగుల వివరములను ప్రకటించిరి. తలంటి పోయునప్పుడు వేడినీటిని చెంబుతో గబగబ తలపై గుమ్మరించినచో కొందరు పిల్లలు తెల్లబోయి చూతురు, భయపడుదురు, పొంతనలేని మాటలాడుదురు. లేనివి కనబడును, వినబడును. కొందరు వద్దన్నను ఆపక నీళ్ళు పోసికొనుచునే యుందురు. అది మొండితనము కాదు, మూర్ఛలోని భాగమే. గోరువెచ్చని నీటిని కొద్దికొద్దిగా వాడుట దీనికి మొదటి నివారణోపాయము. అవసరమైనచో స్నానమునకు ముందు వేసికొనుటకు వైద్యులు మాత్ర నిత్తురు.

ఇట్టి తొలి అనుభూతిని వైద్యశాస్త్రమున 'ఆరా' అందురు. గ్రీకుభాషలో ఈ మాటకు పిల్లగాలి యని అర్థము. రెండవ శతాబ్దపు వైద్యుడు గాలెన్ పదమూడేండ్ల బాలుని వృత్తాంతము నొకదానిని వ్రాసెను. వ్యాధి కాలిలో మొదలై పైకి ప్రాకి తల కెక్కునని ఆ బాలుడు చెప్పెను. మరొక యువకుడు అది చల్లని గాలివలె నుండునని చెప్పెను. ఆరా మూర్ఛకు ముందు వచ్చు సూచన మాత్రమే కాదు, మూర్ఛ యొక్క మొదటి ఘట్టమే యని నేడు తెలిసినది.

తెలుగు పల్లెలలోను 'గాలి సోకినది' అను మాట కలదు. కాని ఆ మాట వినగానే మంత్రగానిని పిలుచుట ఆచారమైనది. నల్లగొండ జిల్లాలోని నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు గుట్టపై జడల రామలింగేశ్వరస్వామి ఆలయము కలదు. రోగములు తీరునను నమ్మకముతో అమావాస్యనాడు ఎందరో అచటికి వత్తురు. అదే నార్కట్‌పల్లిలో కామినేని వైద్య విజ్ఞాన సంస్థ, దాని ఆసుపత్రి కూడ కలవు. మ్రొక్కు చెల్లించుకొనుట ఇంటివారి విశ్వాసము. అందుకై వైద్యుని వద్దకు పోవుట వాయిదా వేయరాదు, మందు మానరాదు.

1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ తొలిసారిగా మానవుని మెదడులోని విద్యుత్తును గీతలుగా లిఖించెను. నేటి ఇ.ఇ.జి. పరీక్ష అదియే. మెదడు చిత్రములు తీయు స్కానింగు వలన బద్దెపురుగు గ్రుడ్లనుండి మెదడులో ఏర్పడు తిత్తులవంటి కారణములు తెలియును. అయినను మూర్ఛ కల బిడ్డకు సైతము ఒక్కొక్కప్పుడు ఇ.ఇ.జి. మామూలుగానే యుండవచ్చును. అందుచేతనే బిడ్డ మాటకు అంత విలువ.

తిమ్మిరియెల్ల మూర్ఛ కాదు. అకస్మాత్తుగా వచ్చి, కొద్దిసేపే యుండి, ప్రతిసారి ఒకే తీరున మరల మరల వచ్చు అనుభూతినే అనుమానింపవలెను. 'నీకేమైనది?' అని అడిగి, బిడ్డ తన మాటలలో చెప్పువరకు ఉపాధ్యాయుడు ఓపిక పట్టవలెను. మాటలు దొరకని పసివానిచే బొమ్మ వేయింపవచ్చును. ఏ ప్రక్కన మొదలైనది, ఎంతసేపున్నది, పిలిచిన పలికినాడా అను సంగతులను వ్రాసి తల్లిదండ్రులకీయవలెను. వైద్యుడు చెప్పువరకు ఆ బిడ్డను బావిలో ఒంటరిగా ఈతకు దిగనీయరాదు.

బిడ్డ పడి కొట్టుకొనినచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. నోటిలో నీరుగాని, చెంచాగాని పెట్టరాదు. చేతిలో తాళపుచెవులుంచుట వలన ఫలితము లేదు. ఐదు నిమిషములు దాటినచో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. మందులు క్రమముగా వాడిన పిల్లలలో చాలమందికి మూర్ఛలు అదుపులోనికి వచ్చును. వారు అందరివలెనే చదువుకొనగలరు.