కోర్టు పనిలో రైతునకు తోడు: పారా లీగల్ వాలంటీరు

చేవెళ్ల, శంకరపల్లి, మొయినాబాదు, షాబాదు ప్రాంతముల రైతులు తెల్లవారుజామున హైదరాబాదు నగరమందలి గుడిమల్కాపూరు మార్కెట్టునకు బంతి, చామంతి, గులాబి పూలు తెచ్చి దింపుదురు. పువ్వు నిలువ యుండునది కాదు. ధర నచ్చకున్నను మరునాటి వఱకు వేచియుండుటకు వీలులేదు. కాటా వేయించి, కమీషను ఏజెంటునకు సరకు నప్పగించి బండి మరల్చుకొనవలసినదే. సొమ్ము కొంత చేతికి వచ్చును, కొంత ఏజెంటు ఖాతాలో నిలిచిపోవును. ఇట్లు నిలిచిన బాకీ రెండు మూడు పంటలకు పెరిగి పెద్దదైన పిమ్మట, ఏజెంటు లెక్క తేల్చక తిప్పుకొన్నచో రైతు ఏమి చేయవలెను?

సామాన్యముగా జరుగునది మనకు తెలిసినదే. ఊరిలో పలుకుబడి గల యొకనిని వెంటబెట్టుకొని పోవుట, పైరవీకారునకు కొంత ముట్టజెప్పుట, తుదకు విసిగి విడిచిపెట్టుట. ఇంతకంటె మేలైన మార్గమును చట్టము కల్పించియున్నది. ఆ మార్గమున రైతునకు మొదట ఎదురగువాడు వకీలు కాడు, న్యాయాధిపతియు కాడు. పారా లీగల్ వాలంటీరు. ఇతడెవరో, ఏమి చేయగలడో, ఏమి చేయగూడదో సభ్యులు తెలిసికొనుట అవసరము.

పేదరికము వలన ఎవ్వరికిని న్యాయము దక్కకుండ పోరాదనియు, రాజ్యము ఉచిత న్యాయ సహాయము కల్పింపవలెననియు 1976 సంవత్సరపు 42వ సవరణచే భారత రాజ్యాంగమున 39-ఎ అధికరణముగా చేర్చబడినది. దాని ననుసరించి 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చినది. దేశమునకంతకు జాతీయ సంస్థ, రాష్ట్రమునకు రాష్ట్ర సంస్థ, జిల్లాకు జిల్లా సంస్థ, దాని క్రింద కోర్టు లున్నచోట్ల మండల న్యాయ సేవా కమిటీ, ఇది దాని కట్టుబాటు. జిల్లా సంస్థకు జిల్లా జడ్జి అధ్యక్షుడు. కార్యదర్శి కూడ న్యాయాధికారియే. హైదరాబాదు సిటీ సివిలు కోర్టునకు వేరుగా ఒక న్యాయ సేవాధికార సంస్థ గలదు. ఆ కోర్టు మూసీ కావలి ఒడ్డున పురానీ హవేలీ యందున్నది. ఇన్ని సంస్థలు నెలకొనినను, గ్రామస్థునకు కోర్టు గడప దూరముగనే యుండుటచే, నడుమ నుండి చేయిపట్టి నడిపించు వారు కావలెనని 2009లో జాతీయ సంస్థ పారా లీగల్ వాలంటీర్ల పథకమును ప్రవేశపెట్టినది.

గ్రీకు భాషలో 'పారా' యనగా 'ప్రక్కన' అని యర్థము. న్యాయవాది కాక, న్యాయపు పనికి ప్రక్కన నిలిచి తోడ్పడువాడు పారా లీగల్. అమెరికాలో ఇది వకీళ్ల కచేరీలలో జీతము పుచ్చుకొని చేయు వృత్తి. ఇంగ్లండున 1939లో యుద్ధము మొదలైనప్పుడు నెలకొల్పిన పౌర సలహా కేంద్రములు స్వచ్ఛంద సేవకుల తోడనే నడచి నేటికిని నిలిచియున్నవి. మన పథకము రెండవ దానికి దగ్గర. నిజాము పాలనలో కోర్టు వ్యవహారము ఉర్దూలో సాగుటచే, తెలుగు రైతు అర్జీనవీసు చేతిలో కాగితమునకింత యని పెట్టి, తాను చెప్పినదే వ్రాసెనో లేదో యెఱుగక వేలిముద్ర వేసి వచ్చెడివాడు. నేటి వాలంటీరు వ్రాసినదానిని చదివి వినిపించి, అర్థము చెప్పి, ఆ పిమ్మటనే సంతకము చేయింపవలెను. కాగితమునకు రుసుము లేదు. భేద మంతయు ఇచ్చటనే యున్నది.

ఇక పని యెట్లు జరుగునో ఒక ఉదాహరణముచే చూతము. ఒక చామంతి రైతు మూడు పంటలుగా గుడిమల్కాపూరులో ఒకే ఏజెంటునకు పూలు వేసి, తనకు 95,000 రూపాయలు రావలసియున్నదని చెప్పుచున్నాడనుకొందము. వాలంటీరు మొట్టమొదట చేయు పని ఓదార్చుట కాదు, సంచి విప్పించుట. సంచిలో చీటీలు, తక్‌పట్టీలు, బ్యాంకు పుస్తకము, బండి బాడుగ రశీదులు కలగాపులగముగ నుండును. కొన్ని చీటీలు చెమటకు తడిసి అక్షరములు చెరిగిపోయి యుండవచ్చును. కొన్నిటిపై రైతు పేరు లేక ఊరి పేరు మాత్రమే యుండవచ్చును. వీనినన్నిటిని తేదీల వరుసను పేర్చి, ఒక్కొక్క చీటీకి ఒక్కొక్క పంక్తి చొప్పున తేదీ, తూకము, ధర, కమీషను, హమాలీ, నికరము వ్రాయించవలెను. అట్లు వ్రాయగా మొత్తము అమ్మకము 2,40,000 రూపాయలు, కోతలు 20,000, నికరము 2,20,000 తేలినదనుకొందము. అందు రైతునకు ముట్టినది 1,25,000. కావున బాకీ 95,000. రైతు చెప్పిన లెక్క సరిపోయినది.

కాని వాలంటీరు ఇంకొక ప్రశ్న వేయవలెను: 'నారు కొనుటకు ఏజెంటు వద్ద ముందుగా ఏమైన పుచ్చుకొంటివా?' రైతు కొంత తడవు ఊరకుండి, 30,000 పుచ్చుకొంటి ననును. బాకీ 65,000 రూపాయలకు దిగినది. ఈ ప్రశ్న తన కచేరీలో కూర్చున్నప్పుడే అడుగుట మేలు. లేనియెడల ఎదుటి పక్షపు వకీలు న్యాయాధిపతి సమక్షమున అడుగును. అప్పుడు 30,000 మాత్రమే కాదు, మిగిలిన 65,000 మీద కూడ నమ్మకము సడలును. దావా బలమంతయు వాదనలో నున్నదని మనవారి నమ్మకము. నా యభిప్రాయమున చిన్న దావాలలో అధిక భాగము వకీలు చేతికి రాకమునుపే, ఈ చీటీల వరుసలోనే గెలుచుటయో ఓడుటయో జరుగుచున్నది.

తరువాతిది గడువు. అమ్మిన సరకు సొమ్మునకు దావా వేయుటకు 1963 సంవత్సరపు కాలపరిమితి చట్టము సామాన్యముగా మూడు సంవత్సరములు మాత్రమే యిచ్చును. సొమ్ము చెల్లించుటకు వాయిదా నిర్ణయమై యున్నచో ఆ వాయిదా దాటిన నాటి నుండియు, లేనిచో సరకు అప్పగించిన నాటి నుండియు లెక్క. మూడేండ్ల లోపుగా బాకీదారుడు బాకీ యున్నదని వ్రాతమూలముగా ఒప్పుకొని సంతకము చేసియిచ్చినచో, ఆ నాటి నుండి గడువు మరల క్రొత్తగా మొదలగును. నోటిమాటకు ఈ బలము లేదు. 'దసరాకు ఇత్తును, సంక్రాంతికి ఇత్తును' అని ఏజెంటు చెప్పిన మాటలతో మూడేండ్లు గడచిపోయినచో, బాకీ ధర్మముగా నిలిచియుండవచ్చును గాని కోర్టులో రాబట్టుకొనుట కష్టము. కావున వాలంటీరు పట్టికలో మొదటి బాకీ చీటీ తేదీని ఎఱ్ఱసిరాతో గుర్తించును. ఏజెంటు సెల్ ఫోనులో పంపిన సందేశములు, లెక్క చీటీల చిత్రములు కూడ సాక్ష్యమునకు పనికివచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము వానికి తగిన ధృవపత్రము జతచేయవలెనని చెప్పుచున్నది. అందువలన ఆ ఫోనును అమ్మివేయుట, సందేశములు తుడిచివేయుట కూడదు.

కాగితములు కుదిరిన పిమ్మట దరఖాస్తు. రైతు తన దగ్గరి కోర్టు ఆవరణమునందలి కమిటీ కార్యాలయములో ఇచ్చినను చాలును. అచ్చట నుండి సంబంధించిన సంస్థకు పంపబడును. ఏజెంటు లైసెన్సుదారుడైనచో మార్కెట్టు కమిటీ కార్యదర్శికి కూడ వ్రాతపూర్వకమైన ఫిర్యాదు చేసి, దానికి రశీదు పుచ్చుకొనవలెను. దావా వేయకమునుపే తగవును లోక్ అదాలతునకు తెచ్చుటకు చట్టము అవకాశమిచ్చినది. ఏజెంటునకు నోటీసు పోవును. అతడు వచ్చి రాజీ కుదిరినచో వ్రాయబడిన అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. సొమ్ము చెల్లింపనిచో కోర్టు ద్వారా అమలు జరిపించుకొనవచ్చును. కోర్టు రుసుము లేదు. అదివఱకే దావా వేసి రుసుము కట్టియున్నచో, రాజీ యైనప్పుడు ఆ రుసుము వాపసు వచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. లోక్ అదాలతు అవార్డుపై అప్పీలు లేదు. 65,000 రావలసిన రైతు, చేతిలో సొమ్ములేక, విత్తనములు కొనవలసిన ఋతువున, 35,000కే సంతకము చేసినచో ఆ వ్యవహారము అంతటితో ముగిసినదే. సగము సొమ్మైనను వెంటనే వచ్చుట ఒక్కొక్కప్పుడు వివేకమే కావచ్చును. దావా వేసి సంవత్సరముల తరబడి తిరుగుటకు ఖర్చున్నది, కూలి దినములు పోవుట యున్నది. కాని ఆ నిర్ణయము రైతుదే కావలెను. వాలంటీరు గాని, మరియొకరు గాని 'సంతకము పెట్టు, మంచిదే' అని త్వరపెట్టుట తగదు. ఎంత సొమ్ము, ఎన్ని వాయిదాలు, వాయిదా తప్పినచో ఏమి యన్నది అవార్డులోనే వ్రాయించుకొనవలెను. బ్యాంకు అప్పు విషయమున నోటీసు వచ్చి రైతే బాకీదారుడుగా అదాలతునకు పోవునప్పుడు కూడ ఇదే జాగ్రత్త వలయును. ఏజెంటు రాకున్నను, వచ్చియు ఒప్పుకొనకున్నను, అదాలతు వానిని బలవంతపెట్టజాలదు. అప్పుడు దావా వేయవలసినదే. లోక్ అదాలతునకు దరఖాస్తు ఇచ్చియున్నాము గదా యని మూడేండ్ల గడువును మఱచియుండరాదు.

దావాకు ఉచితముగా వకీలును ఇచ్చుట సంస్థ పని. ఈ సహాయమునకు అర్హులెవరన చట్టము 12వ సెక్షనులో చెప్పియున్నది. షెడ్యూల్డు కులముల వారు, తెగల వారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, కార్మికులు, నిర్బంధములో నున్నవారు, వరద, కరవు వంటి ఉపద్రవములకు గురియైనవారు ఆదాయముతో నిమిత్తము లేకయే అర్హులు. ఇతరులకు ప్రభుత్వము నిర్ణయించిన ఆదాయ పరిమితి గలదు. ఆదాయమును గూర్చి ప్రమాణపత్రము ఇచ్చినను సరిపోవచ్చునని చట్టము చెప్పుచున్నది. ఇందు స్త్రీలను గూర్చిన నిబంధన మన గ్రామములలో పలువురకు తెలియదు. పూల తోట తన పేర నుండి, తక్‌పట్టీలు తన పేర వచ్చుచున్న ఇల్లాలు ధనవంతురాలైనను పేదరాలైనను ఈ సహాయమును కోరవచ్చును.

వాలంటీరు చేయగూడనివి కూడ గలవు. అతడు వకీలు కాడు, కోర్టులో వాదింపజాలడు. రైతు వద్ద ఏ పేరనైనను సొమ్ము పుచ్చుకొనరాదు. పనిచేసిన దినములకు సంస్థయే గౌరవ వేతనమిచ్చును. తన కిష్టుడగు వకీలు వద్దకు కక్షిదారులను తోలుట, కేసు గెలిపింతునని మాట యిచ్చుట తప్పు. సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డు చూపుమని యడుగుటకు రైతు సంకోచింపనక్కరలేదు. కార్డు లేక, చేయిచాచువాడు పాత పైరవీకారుడే. అట్టి వానిని గూర్చి సంస్థ కార్యదర్శికి తెలుపవచ్చును.

మఱియొక సంగతి. సహకార సంఘమునకును సభ్యునికిని సంఘ వ్యవహారములందు తగవు వచ్చినచో అది సివిలు కోర్టునకు పోదు. 1964 సంవత్సరపు సహకార సంఘముల చట్టము 61వ సెక్షను క్రింద రిజిష్ట్రారు ముందునకు పోవలెను. ఈ భేద మెఱుగక తప్పు చోట దావా వేసి కాలము పోగొట్టుకొనకుండ చూచుటయు వాలంటీరు చేయదగిన మేలులలో నొకటి.

ఈ పని మన సభ్యులే చేయవచ్చును. విశ్రాంత ఉపాధ్యాయులు, పింఛనుదారులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, విద్యార్థులు, మహిళా పొదుపు సంఘముల సభ్యులు మున్నగువారిని పథకము పిలుచుచున్నది. పెద్ద చదువు అవసరము లేదు. చదువను వ్రాయను బాగుగ వచ్చి, మెట్రిక్యులేషను వఱకు చదివియున్నచో మేలు. రాజకీయములలో చురుకుగ తిరుగువారు పనికిరారు. ఎంపికయైన వారికి సంస్థ శిక్షణ యిచ్చును. ఈ గౌరవ వేతనము స్వల్పము. దానినే జీవనాధారముగా తలచి వచ్చువారు నిలువరు. కాని సంఘములో లెక్కలు వ్రాసి యలవాటుపడిన గుమాస్తాకు, ప్రతి చీటీకి ఒక పంక్తి వ్రాయు ఓర్పు ముందే యున్నది. ఈ పనికి కావలసిన ముఖ్య గుణము అదియే. సంఘమున కొకరైనను ఇట్టి శిక్షణ పొందినచో, సభ్యులు చీటీల సంచితో నగరమునకు పోకమునుపే సంఘ కార్యాలయమున లెక్క తేలును. జిల్లా సంస్థ ప్రకటన వెలువరించినప్పుడు దరఖాస్తు పెట్టవలెను. ప్రకటన యెప్పుడో, కార్యాలయ మెచ్చటనో తెలియనివారు 15100 అను ఉచిత ఫోను నంబరునకు అడిగి తెలిసికొనవచ్చును.