మీకు తెలుసా? విమానాన్ని మలుపు తిప్పేది చుక్కాని కాదు

తోకపై నిలువుగా ఉండే రడ్డర్, అంటే చుక్కాని, విమానాన్ని మలుపు తిప్పుతుందని చాలామంది భావిస్తారు గాని, వాస్తవానికి ఆ పని రెక్కల వాలుదే. రెక్కల వెనుక అంచున ఉండే ఎయిలరాన్ అనే పలకలలో ఒకటి పైకి లేస్తే రెండవది కిందికి దిగుతుంది. దిగిన వైపు రెక్కపై లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే బలం, పెరగడంతో విమానం రెండవ వైపుకు ఒరుగుతుంది. ఈ ఒరుగుడే రోల్. అప్పుడు ఆ బలంలో కొంత పక్కకు మళ్ళి విమానాన్ని మలుపులోకి లాగుతుంది.

అయితే పైకి లేచే రెక్కకు గాలి నిరోధం కూడా పెరగడం వల్ల విమానం ముక్కు మలుపుకు వ్యతిరేక దిశలో జరగబోతుంది. ముక్కు ఇలా కుడి ఎడమలకు తిరగడాన్ని యా అంటారు. దానిని సరిదిద్దడమే రడ్డర్ అసలు బాధ్యత. 1902లో రైట్ సోదరులు తమ గ్లైడర్‌కు మొదట కదలని నిలువు తోకను బిగించి, గ్లైడర్ అదుపు తప్పుతూ ఉండడంతో ఆ తోక స్థానంలో కదిలే చుక్కానిని అమర్చారు. 1903 డిసెంబర్ 17న వారు ఎగిరించిన ఇంజిన్ విమానానికి గట్టి పునాది ఆ మార్పే.

ముక్కు పైకీ కిందికీ కదలడం పిచ్. దానిని తోకపై అడ్డంగా ఉండే ఎలివేటర్ నియంత్రిస్తుంది. ముక్కు చూపే దిక్కు హెడింగ్. దానిని ఉత్తరం నుంచి సవ్యదిశలో డిగ్రీలలో కొలుస్తారు. రన్‌వే సంఖ్య కూడా అయస్కాంత దిశను పదితో భాగించగా వచ్చేదే కనుక, శంషాబాద్ విమానాశ్రయ రన్‌వే తూర్పు ముఖంగా 09, పడమర ముఖంగా 27 అవుతుంది.