యవనిక లేని నాటకము

వియన్నా నగరము 2025వ సంవత్సరమును ఆసాంతము ఒక స్వరకర్తకు అంకితము చేసినది. 1825 అక్టోబరు 25న జన్మించిన రెండవ యోహాన్ స్ట్రౌస్‌కు అది ద్విశతజయంతి వత్సరము. జనవరి 1న రికార్డో ముతి సంచాలకత్వమున వియన్నా ఫిల్‌హార్మోనిక్ వారు తమ నూతన సంవత్సర కచేరిని ఆయన స్మృతికి సమర్పించిరి. మే 31న ఐరోపా అంతరిక్ష సంస్థ వారు ఆయన 'నీలి డాన్యూబ్' వాల్ట్జ్‌ను స్పెయిన్ దేశమునందలి ఒక మహా ఆంటెనా నుండి వాయేజర్-1 నౌక దిశగా ప్రసారము చేసిరి. ఇంతటి వైభవమునకు ఆయన తగడని యెవరందురు? అయినను రంగాలంకరణము లేక, వేషములు లేక, గాయకులు వాద్యబృందము ముందు వరుసగా నిలిచి పాడెడి ఆపెరెట్టా కచేరి ఒక్కటి ఆ గగనప్రసారము కంటె ఆయనకు సముచితమైన సత్కారమని నా యభిప్రాయము.

ఆపెరాలో సంభాషణము సైతము తరచుగా గానరూపముననే సాగును. ఆపెరెట్టాలో మాట మాటగనే యుండి, హాస్యము హాస్యముగనే నడచి, భావము పొంగినచోట పాట అందుకొనును. పద్యనాటకములు చూచి పెరిగిన మన పాఠకులకు ఈ అమరిక క్రొత్త కాదు. పద్యమునకై కన్నులు మూసికొని కాచియుండి, అది ముగియుటే తడవుగా 'వన్స్ మోర్' అని కేకవేసెడి మన రసికుని తీసికొనిపోయి వియన్నా నాటకశాలలో కూర్చుండబెట్టినను అతడు తడబడడు. ఈ ప్రక్రియను పారిస్ నగరమున లోకప్రియము చేసినవాడు జాక్ ఆఫెన్‌బాక్. నీవును ఆపెరెట్టాలు వ్రాయరాదా యని స్ట్రౌస్‌ను ప్రోత్సహించినవాడు ఆయనయే యని ప్రతీతి కలదు గాని, ఇంటిలో నుండి అనుదినము ప్రోత్సహించినది మాత్రము గాయనియైన భార్య యెట్టీ ట్రెఫ్‌ట్జ్.

స్ట్రౌస్ తండ్రియు వాల్ట్జ్ విద్యయందు ప్రఖ్యాతుడే. తనయుడు బ్యాంకు ఉద్యోగి కావలెనని ఆయన కోరిక. తల్లి అన్నా రహస్యముగా వయొలిన్ నేర్పించెను. 1844 అక్టోబరు 15న, పందొమ్మిదేండ్లు నిండకమునుపే, హీట్జింగ్‌లోని డోమ్మాయర్ కాసినోలో ఆ బాలుడు సొంత వాద్యబృందముతో తొలి కచేరి చేసెను. అది మొదలు చేత వయొలిన్ పట్టి, ఒకప్పుడు తాను వాయించుచు, ఒకప్పుడు కమానుతోనే బృందమును నడుపుచు, నృత్యశాలలలో జీవితము గడపిన ఆయన తొలి ఆపెరెట్టా రంగమెక్కుసరికి 1871వ సంవత్సరము వచ్చెను. అప్పటికి నలువదియైదేండ్లు నిండినవి. ఈ ఆలస్యమే ఆయన బలమని నేననుకొందును. నాట్యమాడువారి పాదములను పాతికేండ్లు గమనించిన మనుష్యునకు మనుష్యులు దాచదలచిన ఉత్సాహము ఎక్కడ బయటపడునో తెలియకుండునా?

ఆ ఎరుకకు నిదర్శనము 1874 ఏప్రిల్ 5న థియేటర్ ఆన్ డెర్ వీన్‌లో ప్రథమముగా ప్రదర్శింపబడిన 'డీ ఫ్లెడర్‌మౌస్', అనగా 'గబ్బిలము'. (జాషువా గబ్బిలముతో దీనికి చుట్టరికమేమియు లేదు, ఇది వినోదప్రాయమైన ప్రతీకారకథ.) అంతకు ముందటి మే నెలలో వియన్నా స్టాక్ ఎక్స్ఛేంజి కూలి ఎన్నో కుటుంబములు దివాలా తీసియుండెను, అట్టి నగరమునకు షాంపేను కథ వినిపించినవారిది ధైర్యమే. ఇందు ఐసెన్‌స్టైన్ అను ధనికుడు ఒక అధికారిని అవమానించిన నేరమునకు ఎనిమిది దినములు చెరసాలకు పోవలసియుండి, స్నేహితుని మాట విని, ముందొక రష్యను రాకుమారుని విందుకు పోవ నిశ్చయించుకొనును. భార్య రోజలిండాకు పూర్వప్రియుడు రానున్నాడు. పనిపిల్ల అడేలాకు సైతము ఆ విందుకే పోవలెనని యున్నది. ముగ్గురును ఒకరి కొకరు వీడ్కోలు చెప్పుకొనుచు విలపింతురు. పాట మందగతిని, నిండు శోకముతో మొదలగును. కొన్ని చరణములైన పిమ్మట, ఏడ్పు మాటలు పెదవులపై నుండగనే, క్రింద తంత్రీవాద్యములు ఆగలేక గంతులు వేయసాగును. మరల నిగ్రహించుకొందురు, మరల గంతులే.

రంగస్థలమున ఈ ఘట్టమును చూచువారు నటుల పాదములను చూచి నవ్వుదురు. కచేరిలో నట్లు కాదు. గాయకులు విందుదుస్తులతో, స్వరపత్రములు ముందుంచుకొని, కదలక నిలుచుందురు. నాటకశాలలో వేదిక ముందరి గోతిలో అణగియుండెడి వాద్యబృందము ఇచ్చట కన్నుల ఎదుట, వేదికపైననే యుండును. ఇక నవ్వించు భారమంతయు కమానులదే. పాత్ర అబద్ధమాడినను వాద్యము నిజము చెప్పునన్న స్ట్రౌస్ రహస్యము అప్పుడు బట్టబయలగును.

కచేరికి ఒక కొరతయు కలదు. మూడవ అంకమున ఫ్రోష్ అను త్రాగుబోతు చెరసాల కావలివాడు వచ్చును. అతనికి పాట లేదు. అప్పటికప్పుడు ఊరి రాజకీయములను కలిపి కల్పించు మాటలే అతని పాత్ర. సంభాషణములన్నిటిని తొలగించి, ఒక వ్యాఖ్యాతను నిలిపి కథాసంగ్రహము చదివించినచో ఫ్రోష్ చచ్చును, వానితో సగము హాస్యమును చచ్చును. ఈ పద్ధతి నాకు సమ్మతము కాదు.

సత్కారముల మాట వచ్చినది గనుక చెప్పవలెను: స్ట్రౌస్ సంగీతమును గౌరవించిన వారందరు ఆయనను గౌరవించినట్లు కాదు. ఆయన పూర్వీకులలో ఒకరు యూదులన్న సంగతిని తెలిపెడి వివాహపత్రము సెయింట్ స్టీఫెన్ దేవాలయపు దస్తావేజులలో నుండగా, 1941లో నాజీలు ఆ నమోదును మాయము చేసి నకలు సృష్టించిరి. ఆ వాల్ట్జ్‌లు వారికి కావలెను. ఆ వంశము వలదు.

1899 మే 22న వృద్ధుడైన స్ట్రౌస్ రాజాస్థాన ఆపెరాభవనమున 'గబ్బిలము' పూర్వరంగ సంగీతమును స్వయముగా నడిపి, పిమ్మట జలుబు చేసి, అది న్యుమోనియాగా ముదిరి, జూన్ 3న కన్నుమూసెను. పదునైదు ఆపెరెట్టాలు విడిచిపోయెను. అందు నిత్యము రంగమెక్కునవి రెండు మూడు మాత్రమే. కారణము సంగీతము కాదు, కథల బలహీనత. నాటకము వ్రాయించుకొనుటలో ఆయనకు వివేచన చాలలేదు. 1880 నాటి 'రాణిగారి లేసు రుమాలు' నాటకముగా మరుగునపడినను దానియందలి స్వరములు 'దక్షిణపు గులాబీలు' అను వాల్ట్జ్‌గా నేటికిని లోకమంతట మ్రోగుచున్నవి. ద్విశతజయంతి సందర్భమున దానిని పుట్టినింటనే, థియేటర్ ఆన్ డెర్ వీన్‌లో, వేషములతో మరల ప్రదర్శించిరి. అది సాహసము, అంతటి వ్యయమునకు అన్ని నగరములు ఓర్వలేవు. కావున జయంతులు జరిపెడి సంగీతసభల వారికి నా విన్నపమొకటే: 'గబ్బిలము'ను రంగస్థలమునకు విడిచిపెట్టి, కచేరివేదికను ఈ మరుగుపడిన పండ్రెండింటికి ఇండు.